పాత జావా, ఫ్లాష్, మరచిపోయిన ఎక్స్‌టెన్షన్లు: ఒక్క పోర్టల్ కోసం ఆఫీసంతా పాతగా ఉండనక్కరలేదు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. చెన్నై జార్జ్ టౌన్‌లో మీ మామయ్యగారి టాక్స్ కన్సల్టెన్సీలో ఆరు కంప్యూటర్లున్నాయి. కాంట్రాక్టర్ల తరఫున టెండర్లు వేసే పోర్టల్‌లో డిజిటల్ సంతకం పడాలంటే పాత జావా ఉండి తీరాలని, బ్రౌజర్ కొత్తదైతే సంతకం ఆగిపోతుందని చెప్పి, సర్వీసు అబ్బాయి ఆరింటిలోనూ ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి వెళ్ళాడు. కొంతకాలానికి క్రోమ్ మందగించింది. జీఎస్టీ పేజీల్లో అంకెలు కొడుతుంటే అవి ఆగి ఆగి పడుతున్నాయి. తెర కుడి మూలలో ‘మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అనే చిన్న కిటికీ రోజూ కనబడుతోంది. దాన్ని నొక్కవచ్చా, జావా తీసేస్తే టెండర్ పని ఆగుతుందా, ‘పనిచేస్తున్నదాన్ని కదపవద్దు’ అని మామయ్యగారు అంటున్నది సరైనదేనా అన్నవి మీ ప్రశ్నలు. ఈ ఊళ్ళో ఇటువంటి చిన్న ఆఫీసుల కంప్యూటర్ల బాగోగులు చూడటమే నా వృత్తి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదట ఆ కిటికీ సంగతి. దాన్ని ఎవరూ నొక్కకూడదు. వెబ్ పేజీల్లో వీడియోలు, ఆటలు నడపడానికి ఒకప్పుడు వాడిన ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో మద్దతు ముగించింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్ లోపలే ఫ్లాష్ వస్తువులు ఆడకుండా అడ్డుకట్ట పెట్టింది. అప్‌డేట్ అనేదే లేని సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఉన్నదని చెప్పే ప్రకటన ఏదైనా మోసమే, ఇందులో మినహాయింపులు వెతకనవసరం లేదు. ఫ్లాష్ బతికి ఉన్న రోజుల్లోనే ఈ వేషం బాగా చెలామణీ అయింది. 2017 అక్టోబరులో రష్యా, ఉక్రెయిన్ దేశాల్లో వ్యాపించిన ‘బ్యాడ్ ర్యాబిట్’ రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాము), చొరబాటుకు గురైన వార్తా సైట్లలో ఫ్లాష్ ఇన్‌స్టాలర్ రూపంలోనే జనానికి చేరింది. మీ విషయంలో కిటికీ తెర కుడి మూలలో వస్తున్నది కాబట్టి, ఎప్పుడో ఎవరో ఏదో సైటులో ‘అనుమతించు’ అని నొక్కిన నోటిఫికేషన్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. క్రోమ్ సెట్టింగుల్లో ప్రైవసీ విభాగంలోని సైట్ సెట్టింగులకు వెళ్ళి, అక్కడ నోటిఫికేషన్లు తెరిస్తే, అనుమతి పొందిన సైట్ల జాబితా కనబడుతుంది. అందులో మీకు తెలియని పేర్లన్నీ తీసేస్తే చాలావరకు ఆ బెడద అంతటితో పోతుంది. ఎవరైనా ఇప్పటికే నొక్కి, దిగిన ఫైలును నడిపించి ఉంటే మాత్రం లెక్క వేరు. ఆ యంత్రానికి ముందు నెట్ తీసేసి, బ్యాంకు, జీఎస్టీ, మెయిల్ పాస్‌వర్డులను మరో కంప్యూటర్ నుంచి మార్చి, ఆ యంత్రంలో విండోస్ మళ్ళీ కొత్తగా వేయించడమే నా సలహా. క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్న ఆఫీసులో ‘యాంటీవైరస్ స్కాన్ చేశాం, ఏమీ లేదన్నది’ అనే మాట మీద నేను నిలబడలేను.

ఇక జావా, ఫ్లాష్ వంటి పాత ప్లగిన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే విడి ప్రోగ్రాము, ఎందుకంత ప్రమాదమో చెప్పాలి. 1990ల నడుమ నెట్‌స్కేప్ తెచ్చిన ఎన్‌పీఏపీఐ పద్ధతి గానీ, 1996లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన యాక్టివ్‌ఎక్స్ గానీ, వెబ్ పేజీ చేయలేని పనిని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయిన ఒక ప్రోగ్రాముకు అప్పగించేవి. ఆ ప్రోగ్రాము బ్రౌజర్ విధించే కట్టుబాట్లకు లోబడినది కాదు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఏయే అధికారాలున్నాయో అవన్నీ దానికీ ఉండేవి, అంటే ఫైళ్ళు చదవగలదు, రాయగలదు, మరో ప్రోగ్రామును నడపగలదు. చిన్న ఆఫీసుల్లో అందరూ అడ్మినిస్ట్రేటర్‌గానే లాగిన్ అవుతారు కాబట్టి, ఆ ప్లగిన్‌లో ఒక్క లోపం దొరికితే దాడి చేసేవాడికి యంత్రం మొత్తం దక్కినట్టే. బ్రౌజర్ తయారీదారులు తమ వైపు ఎన్ని కాపలాలు పెట్టినా ఈ దొడ్డిదారి తెరిచే ఉండేది. అందుకే చివరకు వాళ్ళు ఆ పద్ధతినే వదిలించుకున్నారు. క్రోమ్ 2015 ఏప్రిల్‌లో ఎన్‌పీఏపీఐ ప్లగిన్లను నిలిపివేసి, అదే ఏడాది సెప్టెంబరులో పూర్తిగా తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో ఒక్క ఫ్లాష్‌ను మినహాయించి మిగతా వాటిని ఆపి, 2021 జనవరిలో ఫ్లాష్‌కు కూడా సెలవు చెప్పింది.

‘లోపం ఉంటే ఉండనీ, మా ఆఫీసును ఎవరు పట్టించుకుంటారు’ అనే మాట జార్జ్ టౌన్‌లో ప్రతి మెట్టు మీదా వింటూ ఉంటాను. ఈ దాడుల్లో మనిషిని ఎంచుకోవడం అనేది సాధారణంగా ఉండదు. ఒకప్పుడు బ్లాక్‌హోల్, ఆంగ్లర్ అనే పేర్లతో అద్దెకు దొరికిన దాడి సామగ్రి పనిచేసిన తీరు చూడండి. చొరబాటుకు గురైన ఏదో ఒక మామూలు సైటును మీరు తెరవగానే, కంటికి కనబడని చిన్న స్క్రిప్టు మీ బ్రౌజర్‌లో జావా ఏ వెర్షన్, ఫ్లాష్ ఏ వెర్షన్, పీడీఎఫ్ రీడర్ ఏ వెర్షన్ అని చూసి, ఆ వెర్షన్‌కు సరిపోయే దాడిని ఎంచి పంపేది. మీరు ఎవరన్నది దానికి అక్కరలేదు, మీ వెర్షన్ నంబరు చాలు. పైగా ప్యాచ్ (లోపాన్ని సరిచేసే సవరణ) విడుదలైన మరునాటి నుంచి పాత వెర్షన్‌కు ముప్పు తగ్గదు, పెరుగుతుంది. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ మరమ్మతు జరిగిందో తెలుస్తుంది, మరమ్మతు జరిగిన చోటే లోపం ఉన్నదన్నమాట. 2012లో మ్యాక్ కంప్యూటర్లకు సోకిన ‘ఫ్లాష్‌బ్యాక్’ దీనికి మంచి ఉదాహరణ. జావాలోని ఆ లోపాన్ని ఒరాకిల్ ఫిబ్రవరిలోనే సరిచేసింది. ఆపిల్ తన మ్యాక్‌లకు ఆ సవరణను ఏప్రిల్ వరకు ఇవ్వలేదు. ఆ నడిమి కాలంలో దాదాపు ఆరు లక్షల మ్యాక్‌లు చిక్కుకున్నాయి. మరుసటి ఏడాది జనవరిలో జావాలో మరో లోపం బయటపడినప్పుడు, బ్రౌజర్‌లో జావాను ఆపేయమని అమెరికా హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖే పౌరులకు సలహా ఇవ్వవలసి వచ్చింది.

జావా విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. కొత్త వెర్షన్ వేసినంత మాత్రాన పాతది పోతుందని అనుకోవడానికి లేదు. వెనకటి జావా ఇన్‌స్టాలర్ తనకు ముందున్న ఒక్క వెర్షన్‌ను తీసేసి, అంతకంటే పాతవాటిని అలాగే వదిలేసేది. ‘అప్‌డేట్ చేశారు, ఇక సురక్షితం’ అని చెబుతూ పాతవాటిని వదిలేయడం తప్పుదోవ పట్టించడమేనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒరాకిల్‌పై ఆరోపణ తెచ్చి, 2015 డిసెంబరులో రాజీ కుదుర్చుకున్నది. మీ ఆరు కంప్యూటర్లలో కంట్రోల్ ప్యానెల్ తెరిచి ప్రోగ్రాముల జాబితాలో ‘జావా’ అనే పేరుతో ఎన్ని వరుసలున్నాయో చూడండి. జావా 6, జావా 7, జావా 8 ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు కనబడితే ఆశ్చర్యపోకండి. రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న యంత్రాల్లోనైతే పాత యజమాని టూల్‌బార్లతో సహా దొరుకుతాయి.

మామయ్యగారి మాటకు ఇప్పుడు వస్తాను. పనిచేస్తున్నదాన్ని కదపవద్దనడంలో న్యాయం లేకపోలేదు. టెండర్ గడువు సాయంత్రానికి ముగుస్తున్న రోజు సంతకం పడకపోతే జరిగే నష్టం ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు. కానీ ఆ పోర్టల్ ఒక్కటి. దానిలో సంతకం చేసే మనిషి ఒక్కరు, డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ ఒక్కటి. ఆ ఒక్క పని కోసం మెయిల్ చూసే యంత్రం, బ్యాంకు లావాదేవీలు చేసే యంత్రం, రిసెప్షన్‌లో అమ్మాయి వాడే యంత్రం అన్నీ పాతగా ఎందుకుండాలి? ఎలుకలు చొచ్చాయని ఇల్లు తగులబెట్టుకున్నట్టుంటుంది. కదపకూడనిది ఏదో దాన్ని ఒక్క చోట విడిగా ఉంచి, మిగతావన్నీ కొత్తగా ఉంచాలి. నేను చెప్పబోయే పనులన్నీ ఈ ఒక్క నిర్ణయం నుంచి వచ్చేవే.

అయితే విడిగా ఉంచే ముందు, ఆ పాత జావా నిజంగా ఇంకా కావాలో లేదో తేల్చుకోవాలి. జావా అప్లెట్లను, అంటే వెబ్ పేజీ లోపల నడిచే చిన్న జావా ప్రోగ్రాములను, నడిపే బ్రౌజర్ ప్లగిన్‌ను నిలిపివేసే దారిలో పెడుతున్నట్టు ఒరాకిల్ 2016లోనే ప్రకటించి, 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 నుంచి దాన్ని తీసేసింది. ఆ కారణంగా మన దేశంలోనూ డిజిటల్ సంతకం అవసరమయ్యే పోర్టళ్ళు ఒక్కొక్కటిగా అప్లెట్‌ను వదిలి, కంప్యూటర్‌లో విడిగా నడిచే చిన్న సంతకపు ప్రోగ్రాముకు మారుతూ వచ్చాయి. జీఎస్టీ పోర్టల్‌లో మీరు వాడే ఎమ్‌సైనర్ ఆ జాతిదే. కాబట్టి మీ టెండర్ పోర్టల్‌లో డౌన్‌లోడ్స్ పేజీ తెరిచి ఈనాటి సూచనలు ఏమంటున్నాయో చదవండి. పోర్టల్ మారినా ఆఫీసు మారక, ఎవరికీ అక్కరలేని జావాను భద్రంగా కాపాడుకుంటున్న చోట్లు నేను తరచుగా చూస్తుంటాను. మీదీ అటువంటిదే అయితే ఆరు యంత్రాల నుంచీ జావాను పూర్తిగా తీసేయవచ్చు, ఈ సమాధానంలో తరువాతి పేరా మీకు అవసరమే ఉండదు.

అవసరమే అని తేలితే ఒక యంత్రాన్ని టెండర్ పనికే కేటాయించండి. ఇక్కడ అందరూ చేసే పని, ఆఫీసులో అన్నిటికంటే ముసలి కంప్యూటర్‌ను దీనికి ఇవ్వడం. అది విండోస్ 7 యంత్రమైతే ఆ పని చేయకండి. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో పోయింది, దానిలో నడిచే చివరి క్రోమ్ 109వది, అంటే ప్లగిన్‌తో పాటు బ్రౌజర్, విండోస్ కూడా పాతవే అవుతాయి. మద్దతున్న విండోస్ ఉన్న యంత్రంలో అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు ఖాతా ఒకటి తెరిచి, టెండర్ పని ఆ ఖాతాలోనే చేయండి. పోర్టల్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే కోరుతుంటే, దాని కోసం పాత విండోస్‌ను వెతకనక్కరలేదు. ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న విశ్రాంతి ఇచ్చి, 2023 ఫిబ్రవరిలో ఎడ్జ్ అప్‌డేట్ ద్వారా విండోస్ 10లో దాన్ని శాశ్వతంగా ఆపేసినా, ఎడ్జ్‌లో ‘ఐఈ మోడ్’ అనే ఏర్పాటును కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఎడ్జ్ సెట్టింగుల్లో డిఫాల్ట్ బ్రౌజర్ విభాగంలో ఆ మోడ్‌ను అనుమతించి, పోర్టల్ చిరునామా ఒక్కదానినే జాబితాలో చేర్చాలి. ఇలా చేత్తో చేర్చిన చిరునామా 30 రోజులకు గడువు తీరి జాబితా నుంచి పోతుంది. నెల తరువాత ‘నిన్నటిదాకా పనిచేసింది, ఈరోజు పేజీ తెల్లగా వస్తోంది’ అని వచ్చే ఫోన్లలో ఎక్కువ వాటికి కారణం ఇదే, మళ్ళీ చేర్చితే సరిపోతుంది. ఇక జావా వైపు, ఆ యంత్రంలో పోర్టల్ చెప్పిన ఒక్క వెర్షన్ మాత్రమే ఉంచి, జావా కంట్రోల్ ప్యానెల్‌లో సెక్యూరిటీ పలక కింద ఉండే మినహాయింపు సైట్ల జాబితాలో పోర్టల్ చిరునామాను మాత్రమే చేర్చండి. పని జరగడం లేదని చెప్పి సెక్యూరిటీ స్థాయిని మొత్తంగా దించే అలవాటు చాలామందికి ఉన్నది, దానికి ఒప్పుకోకండి. ఆ యంత్రంలో మెయిల్ తెరవకూడదు, వాట్సాప్ వెబ్ ఉండకూడదు, క్లయింట్ తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టకూడదు.

టోకెన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆడిట్ ఆఫీసుల్లో నేను చూసే అన్ని అలవాట్లలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. పొద్దున్న పెట్టిన యూఎస్‌బీ టోకెన్ రాత్రి షట్టర్ దించేదాకా యంత్రానికే ఉంటుంది, పిన్ నంబరు మానిటర్ అంచున పసుపు కాగితం మీద ఉంటుంది. టోకెన్‌లోని రహస్య కీని ఎవరూ కాపీ చేసుకోలేరన్నది నిజమే, కానీ యంత్రం ఇతరుల చేతిలో ఉన్నప్పుడు టోకెన్ దానికే తగిలించి ఉంటే కాపీ చేయవలసిన అవసరమే లేదు, అక్కడి నుంచే సంతకం చేయించుకోవచ్చు. సంతకం అయిన వెంటనే టోకెన్ తీసి సొరుగులో పెట్టి తాళం వేయడం అనేది పైసా ఖర్చు లేని రక్షణ.

అప్లెట్ పోయి విడి ప్రోగ్రాము వచ్చింది కదా, ఇక ఇబ్బంది తీరిందని కూడా అనుకోకండి. ఆ ప్రోగ్రాము విండోస్‌తో పాటే లేచి, బ్రౌజర్ పిలుపు కోసం మీ కంప్యూటర్‌లోనే ఎదురుచూస్తూ ఉంటుంది. దానిలోనూ లోపాలుంటాయి, దానికీ అప్‌డేట్లుంటాయి, కానీ క్రోమ్ లాగా అది తనంతట తాను అప్‌డేట్ అవుతుందన్న నమ్మకం లేదు. దక్షిణ కొరియా అనుభవం మనకు పాఠం కావాలి. అక్కడ బ్యాంకు పని చేయాలంటే ఏళ్ళ తరబడి యాక్టివ్‌ఎక్స్ తప్పనిసరిగా ఉండేది. తరువాత దాని స్థానంలో ఇటువంటి విడి భద్రతా ప్రోగ్రాములు వచ్చాయి. వాటిలో ఒకటైన మ్యాజిక్‌లైన్4ఎన్‌ఎక్స్ పాత వెర్షన్‌లోని లోపాన్ని ఉత్తర కొరియా హ్యాకర్లు వాడుకున్నారని, ఒక వార్తా సంస్థ సైటును అందుకు ఎర చేశారని, 2023 నవంబరులో బ్రిటన్, దక్షిణ కొరియా భద్రతా సంస్థలు కలిసి హెచ్చరిక జారీ చేశాయి. ఆ ప్రోగ్రాము వేసుకున్న చాలామందికి అది తమ కంప్యూటర్‌లో ఇంకా ఉన్నదన్న సంగతే గుర్తుండదు. మీరు చేయవలసినది, సంతకపు ప్రోగ్రాములను, టోకెన్ డ్రైవర్లను ఆయా పోర్టల్ లేదా టోకెన్ సంస్థ సొంత పేజీ నుంచే దింపుకోవడం, కొత్తది వేసే ముందు పాతదాన్ని తీసేయడం, వాడకం లేని యంత్రాల్లో అసలు ఉంచకపోవడం. సర్వీసు అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో తిప్పుతున్న సెటప్ ఫైలు ఏ కాలంనాటిదో అతనికే తెలియదు.

ఇక మందకొడితనం సంగతి. పాత రోజుల్లో ప్లగిన్ బ్రౌజర్ లోపలే నడిచేది కాబట్టి, ఫ్లాష్ ప్రకటన ఒకటి బిగుసుకుంటే బ్రౌజర్ అంతా బిగుసుకునేది. ఫైర్‌ఫాక్స్ 2010లో 3.6.4 వెర్షన్‌తో ప్లగిన్లను వేరే ప్రాసెస్‌లోకి మార్చిన తరువాత, ప్లగిన్ కూలినా బ్రౌజర్ నిలబడటం మొదలైంది. మీ క్రోమ్ మందగించడానికి ఇప్పుడు జావా కారణం కాదు, క్రోమ్‌కు జావాతో సంబంధమే లేదు. అసలు కారణం ఎక్స్‌టెన్షన్లేనని, అంటే బ్రౌజర్‌కు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములేనని నా అనుమానం, మీరు చెప్పిన ‘అంకెలు ఆగి ఆగి పడటం’ దాని లక్షణమే.

క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ప్రతి ట్యాబ్, ప్రతి ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ, ఎంత సీపీయూ తింటున్నాయో వరుసగా కనబడుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది, సర్వీసు వాళ్ళలో కూడా ఇది గమనించేవారు తక్కువ. ఎక్స్‌టెన్షన్‌లో ఒక భాగం విడిగా నడుస్తుంది, మరొక భాగం మీరు తెరిచిన ప్రతి పేజీలోకీ దూరి అక్కడే నడుస్తుంది. పేజీలో దూరిన భాగం చేసే ఖర్చు ఆ ట్యాబ్ లెక్కలోకే పోతుంది గానీ ఎక్స్‌టెన్షన్ వరుసలో కనబడదు. తంబు చెట్టి వీధిలోని ఒక అకౌంట్స్ ఆఫీసులో ఇదే జరిగింది. ఇన్‌వాయిస్‌ల పొడవాటి పట్టిక ఉన్న పేజీలో ఒక అంకె కొట్టగానే ఆ ట్యాబ్ వరుసలో సీపీయూ ఒక్కసారిగా ఎగసి, కొద్దిసేపటికి దిగేది. ఎక్స్‌టెన్షన్ల వరుసలన్నీ సున్నా దగ్గర అమాయకంగా ఉండేవి. అందరూ పోర్టల్‌ను తిట్టుకుంటున్నారు. అసలు సంగతి ఏమిటంటే, ఇంగ్లీషు తప్పులు దిద్దే ఎక్స్‌టెన్షన్ ఒకటి, మీట నొక్కిన ప్రతిసారీ పేజీలోని గడులన్నిటినీ మళ్ళీ చూసి వస్తోంది. అంకెల పట్టికలో వ్యాకరణం దిద్దడానికి ఏమీ లేదు, అయినా అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. దాన్ని ఆపగానే అంకెలు వేలి వెంట పడ్డాయి.

మీ దగ్గర పరీక్ష ఇలా చేయండి. అదే పేజీని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి లాగిన్ అవ్వండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ నడవవు. అక్కడ చురుకుగా ఉంటే దోషం దాదాపుగా ఎక్స్‌టెన్షన్లదే. అప్పుడు మామూలు కిటికీలో సగం ఎక్స్‌టెన్షన్లు ఆపి చూసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం ఆపుతూ పోతే దొంగ త్వరగానే దొరుకుతుంది. ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్లు రెండు ఉంటే ఒకటి తీసేయండి, రెండుంటే రక్షణ రెట్టింపు కాదు, ప్రతి పేజీనీ రెండుసార్లు జల్లెడ పట్టడమే అవుతుంది. ఇన్‌కాగ్నిటోలోనూ అదే మందకొడితనం ఉంటే ర్యామ్ చూడండి, 4 జీబీ ర్యామ్‌తో టాలీ, ఎక్సెల్, ఇరవై ట్యాబులు కలిపి నడిపితే ఏ బ్రౌజరైనా రొప్పుతుంది.

ఎక్స్‌టెన్షన్లలో భద్రత దృష్టితో చూడవలసినది వాటి వయసు ఒక్కటే కాదు. పాతబడిన ప్లగిన్‌కు అప్‌డేట్ రాకపోవడం ప్రమాదం, ఎక్స్‌టెన్షన్‌కు అనుకోని అప్‌డేట్ రావడమే ఒక్కోసారి ప్రమాదం. ‘ది గ్రేట్ సస్పెండర్’ అనే ఎక్స్‌టెన్షన్ వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసేది, లక్షల మంది వాడేవారు. 2020లో దాని సృష్టికర్త ఎవరో తెలియని వారికి దాన్ని అప్పగించాడు, వాళ్ళు అందులో అనుమానాస్పదమైన కోడ్ చేర్చారు, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్వేర్‌గా, అంటే హాని చేసే ప్రోగ్రాముగా ప్రకటించి అందరి బ్రౌజర్లలోనూ ఆపేసింది. 2024 డిసెంబరులో భద్రతా సంస్థ అయిన సైబర్‌హేవెన్ ఎక్స్‌టెన్షన్‌కే ఈ గతి పట్టింది. ఉద్యోగి ఒకరు నకిలీ మెయిల్‌కు చిక్కి అనుమతి ఇవ్వడంతో, దాడి చేసినవాళ్ళు క్రిస్మస్ వేళ ఒక విషపు వెర్షన్‌ను అధికారిక స్టోర్ నుంచే జనానికి పంపగలిగారు. కాబట్టి ‘అన్ని సైట్లలోని మీ సమాచారాన్ని చదవగలదు, మార్చగలదు’ అనే అనుమతి ఉన్న ప్రతి ఎక్స్‌టెన్షన్ విషయంలోనూ ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది లేకపోతే ఆఫీసులో ఏ పని ఆగుతుంది? ఏదీ ఆగకపోతే తీసేయండి. తప్పనిసరి అయినవాటికి, ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో ‘క్లిక్ చేసినప్పుడు మాత్రమే’ అనే ఎంపిక ఉంటుంది, అది పెట్టండి. పాత మేనిఫెస్ట్ వీ2 పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను క్రోమ్ 2024 జూన్ నుంచి దశలవారీగా ఆపుతూ వచ్చింది. అటువంటిది ఆగిపోయిందని క్రోమ్‌నే పాత వెర్షన్‌కు దించమనే సలహాలు కనబడితే పట్టించుకోకండి.

ఆపి ఉంచిన అప్‌డేట్లను టెండర్ యంత్రంతో సహా ఆరింటిలోనూ తిరిగి మొదలుపెట్టాలి. క్రోమ్ 2023 ఆగస్టు నుంచి భద్రతా సవరణలను వారానికొకసారి ఇస్తోంది. సర్వీసు అబ్బాయి వాటిని ఎలా ఆపాడో ముందు తెలియాలి. క్రోమ్ మెనూ అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అనే వాక్యం కనబడితే, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో పాలసీ, అంటే క్రోమ్ పాటించవలసిన నియమం, పెట్టాడని అర్థం. క్రోమ్ చిరునామా గడిలో క్రోమ్://పాలసీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఏయే పాలసీలున్నాయో తెలుస్తుంది. మీరెవరూ పెట్టని పాలసీ ద్వారా ఒక ఎక్స్‌టెన్షన్ బలవంతంగా ఇన్‌స్టాల్ అయి, తీసేయడానికి మీట కూడా లేకుండా కనబడితే మాత్రం అది అతని పని కాకపోవచ్చు, మాల్వేర్ వాడే పాత ఎత్తు అది, ఆ యంత్రాన్ని మొదట చెప్పిన పద్ధతిలోనే చూడాలి. ఇంకొక మాట, అప్‌డేట్ దిగినా బ్రౌజర్‌ను మూసి తెరిస్తే గానీ అమల్లోకి రాదు. క్రోమ్ కుడి పైమూలలోని మెనూ మీట మీద రంగు మొదట ఆకుపచ్చగా, తరువాత నారింజగా, వారం దాటితే ఎర్రగా మారుతుంది. ట్యాబులు పోతాయని నెలల తరబడి మూయనివారి దగ్గర అది ఎర్రగానే మిగిలిపోతుంది.

ఫ్లాష్ అవశేషాలుంటే, విండోస్‌తో వచ్చిన దాన్ని కేబీ4577586 అనే అప్‌డేట్ తీసేస్తుంది. అడోబీ నుంచి విడిగా వేసుకున్నదాన్ని మాత్రం కంట్రోల్ ప్యానెల్ నుంచి విడిగానే తీయాలి. మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ కనబడితే అదీ తీసేయండి, దానికి 2021 అక్టోబరు 12తో మద్దతు ముగిసింది. మీ మెట్ల దగ్గరి సీసీ కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌ను బ్రౌజర్‌లో చూడాలంటే యాక్టివ్‌ఎక్స్ కావాలని అడుగుతుంటే, తయారీదారు మొబైల్ యాప్‌లో గానీ, డీవీఆర్‌కు తగిలించిన మానిటర్‌లో గానీ చూసుకోండి. ఆ డీవీఆర్‌కు ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంటే ఈరోజే మార్చండి, 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (హ్యాకర్ల చేతిలో పడిన యంత్రాల దండు) లక్షల సంఖ్యలో పోగుచేసుకున్నది అటువంటి డీవీఆర్లు, కెమెరాలు, రౌటర్లనే.

ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. 11వ తేదీ, 20వ తేదీ రిటర్నుల హడావుడిలో చేయవద్దు. 21 తరువాత, టెండర్ గడువు ఏదీ లేని రోజున మొదలుపెట్టి, ముందు టెండర్ యంత్రాన్ని సిద్ధం చేసి, దానిలో పోర్టల్ లాగిన్, టోకెన్ గుర్తింపు, సంతకం మూడూ మామయ్యగారి ఎదుటే సరిచూసుకున్న తరువాతే మిగతా అయిదింటి నుంచి జావా తీయండి. ఆయన అభ్యంతరానికి అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. మధ్యలో ఏ ఖాతా నుంచైనా డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యంత్రం బాట్‌నెట్‌లో చిక్కిందేమో చూడటానికి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో ఉచిత సాధనాలున్నాయి.

టెండర్ పోర్టల్ డౌన్‌లోడ్స్ పేజీ ఏ జావాను, ఏ సంతకపు ప్రోగ్రామును అడుగుతున్నదో, కంట్రోల్ ప్యానెల్‌లో జావా పేరుతో ఏయే వరుసలున్నాయో, ఇన్‌కాగ్నిటో పరీక్షలో తేడా కనబడిందో లేదో తిరిగి రాయండి. ఏ వెర్షన్ ఉంచాలో, ఏది తీయాలో అవి చూసి చెబుతాను. పాన్, జీఎస్టీ నంబర్లు, క్లయింట్ల పేర్లు కనబడే స్క్రీన్‌షాట్లు మాత్రం పెట్టకండి.